ఒక తూటా – రెండు చరిత్రలు

(గద్యభాగం – వ్యాసం)

జరిగినదానిని చెప్పడం చరిత్రకారుని ధర్మం. జరుగనిదానిని ఊహించడం కవి స్వభావం. ఈ రెండింటి నడుమ నిలిచినది ప్రత్యామ్నాయ చరిత్ర. ఆధారాలను విడువని ఊహకే అక్కడ విలువ. సైనికుని చేతి తుపాకి కథ ఇందుకు తగిన ఉదాహరణ.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పదాతిదళాల రైఫిళ్ళు చాలావరకు అతిదూర లక్ష్యాలను సైతం ఛేదించగల శక్తిమంతమైన తూటాలను పేల్చేవి. కాని పోరాటాలలో అధికభాగం కొన్ని వందల గజాల లోపలనే జరిగేవి. తూటా శక్తి పెరిగినకొద్దీ భుజానికి తగిలే తన్ను, మోయవలసిన బరువు కూడా పెరుగుతాయి. ఈ సత్యాన్ని గ్రహించి జర్మనీ, సోవియట్ యూనియన్ మధ్యరకపు తూటాలను రూపొందించుకున్నాయి. యుద్ధానంతరం బ్రిటన్ .280 అంగుళాల తూటాను, దానికి తగిన ఇ.ఎం.-2 రైఫిలును తయారుచేసింది. మ్యాగజైను ట్రిగ్గరుకు వెనుక ఉండటంచేత, గొట్టం పొడవు తగ్గకుండానే ఆ రైఫిలు పొట్టిదైంది.

1951 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిని ఆమోదించింది. అమెరికా మాత్రం శక్తిమంతమైన .30 అంగుళాల తూటాయే కావాలని పట్టుబట్టింది. అదే ఏడు అక్టోబరులో తిరిగి ప్రధాని అయిన చర్చిల్ మిత్రదేశాల ఐకమత్యానికే ప్రాధాన్యమిచ్చాడు. ఇ.ఎం.-2 మూలపడింది. 1954 నాటికి 7.62 మిల్లీమీటర్ల తూటా నాటో ప్రమాణమైంది.

తరువాత ఏమైంది? ఆ తూటాకై అమెరికా 1957లో స్వీకరించిన ఎం-14 రైఫిలు ఎడతెగకుండా పేల్చినప్పుడు అదుపులో నిలువలేదు. పదేళ్ళయినా గడవకముందే అమెరికా 5.56 మిల్లీమీటర్ల ఎం-16 వైపు మళ్ళింది. 1980లో నాటో సైతం ఆ చిన్న తూటాను రెండవ ప్రమాణంగా అంగీకరించింది. వద్దన్న తేలికతనమే మరొక దారిన ఇంటికి వచ్చింది.

ఈ నిర్ణయపు ఛాయ మన దేశం మీద కూడా పడింది. 1962 చైనా యుద్ధంలో మన జవానుల చేతులలో ఉన్నవి ప్రధానంగా ప్రతి గుండుకూ బోల్టు లాగవలసిన పాత .303 రైఫిళ్ళు. పిమ్మట ఇషాపూర్ కర్మాగారంలో తయారైన స్వయంభరణ రైఫిలు నాటో 7.62 తూటానే పేల్చింది. .280 నెగ్గి ఉంటే, 1990ల నాటి ఇన్సాస్ కంటె ఎంతో ముందే మన జవానుకు తేలిక తూటా లభించి ఉండవచ్చు.

అయితే ఊహకు హద్దు ఉండాలి. ఇ.ఎం.-2 యంత్రభాగాలు క్లిష్టమైనవి. అది యుద్ధపరీక్షకు నిలిచినదీ కాదు. వియత్నాంలో తొలినాటి ఎం-16లు పేలకుండా మొరాయించి సైనికుల ప్రాణాల మీదికి తెచ్చాయి. మందు మార్చడం, శుభ్రపరచే సామగ్రి చాలకపోవడం అందుకు ముఖ్యకారణాలు. అట్టి తొందరపాటు ఏ తూటానైనా వమ్ము చేయగలదు. కనుక .280తో అంతా శుభమే జరిగేదనలేము. ఒక్కటి మాత్రం నిశ్చయం: నిర్ణయం సభామందిరంలో జరుగుతుంది, దాని భారాన్ని యుద్ధభూమిలోని సైనికుడు మోస్తాడు.

అర్థాలు

పదాతిదళం = కాలినడకన పోరాడే సేన
ఛాయ = నీడ
వమ్ము = వ్యర్థం

ప్రశ్నలు

1. ఇ.ఎం.-2 రైఫిలు మూలపడటానికి కారణమేమి?
2. ప్రత్యామ్నాయ చరిత్రలో ఊహకు ఉండవలసిన హద్దులను పాఠం ఆధారంగా వివరించండి.