ఏడో వారంలో ఎరుపు కనిపిస్తే

రాజోలు దగ్గరి లంక గ్రామం నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "నాకు ఏడో వారం. రెండు రోజులుగా కొద్దిగా ఎరుపు కనబడుతోంది, పొత్తికడుపులో కుడివైపు నొప్పి. అత్తయ్యగారు మంచం దిగొద్దంటున్నారు. స్కానింగ్‌కి ఎప్పుడు వెళ్లాలండీ?"

ఆమె ఈరోజే వెళ్లాలి.

మొదటి మూడు నెలల్లో రక్తం కనబడటం సుమారు నలుగురిలో ఒకరికి జరిగేదే. వారిలో చాలామంది పండంటి బిడ్డను కంటారు. కానీ ఒకవైపు నొప్పి తోడైతే, గర్భం ట్యూబులో నిలిచిందేమోనని డాక్టర్లు ముందుగా చూస్తారు. ట్యూబు పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. మంచం మీద పడుకుంటే అది ఆగదు.

యోని ద్వారా చేసే స్కాన్‌లో గర్భం ఎక్కడుందో చాలావరకు తేలుతుంది. తేలకపోతే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేసి, 48 గంటలకు మళ్లీ చేస్తారు. పిండం 7 మిల్లీమీటర్లకు తక్కువుండి గుండె చప్పుడు కనబడకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. వారం పైన ఆగి మరోసారి చూడాల్సిందే. ఒక్క స్కాన్‌తో గర్భస్రావం మాత్రలు మింగించేయడం అన్యాయం.

ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతినెలా 9న జరిగే గర్భిణుల ఉచిత పరీక్షల దాకా ఆగకూడదు. కాకినాడ జీజీహెచ్, 2023లో బోధనాసుపత్రిగా మారిన రాజమహేంద్రవరం పెద్దాసుపత్రి ఉన్నాయి. కళ్లు తిరిగినా, భుజం నొప్పి పుట్టినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లంకవాసులు చీకటి పడకముందే ఏరు దాటడం మేలు. ఆఖరి నెలసరి తేదీ రాసుకుని, బ్లడ్‌గ్రూపు చీటీ పట్టుకెళ్లాలి. నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని అడగాలి.