ఇంటర్ పిల్లలకు డిగ్రీ పాఠాలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అక్క కూతురు డల్లాస్‌లో పదకొండో తరగతి చదువుతోంది. అప్పుడే రెండు కాలేజీ సబ్జెక్టులు పూర్తిచేసిందట. రేపు డిగ్రీలో అవి మళ్లీ చదవక్కర్లేదట, ఆ మేరకు ఫీజూ మిగులుతుందట. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతోంది. లెక్కలంటే ప్రాణం. మనకు అలాంటివి లేవా?
- ఒక తల్లి, అల్లూరు

జవాబు: ఉన్నాయమ్మా. కాకపోతే మీ అక్క కూతురికి దొరికిన లాభం ఇక్కడ అదే రూపంలో దొరకదు. అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పరీక్షలను కాలేజ్ బోర్డ్ ఏటా మే నెలలో పెడుతుంది. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 గానీ అంతకు మించి గానీ వస్తే చాలా యూనివర్సిటీలు దాన్ని డిగ్రీ లెక్కలో వేసుకుంటాయి. టెక్సస్‌లోనైతే హైస్కూల్ పిల్లలు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ కోర్సు చదివి, అటు బడిలోనూ ఇటు కాలేజీలోనూ చూపించుకోవచ్చు. అక్కడ ఫీజు సబ్జెక్టుల లెక్కన పడుతుంది కాబట్టి ముందే చదివినదానికి డబ్బు మిగులుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫీజు ఏడాది లెక్కన. ఒక సబ్జెక్టు ముందే చదివేశామని వాళ్లు ఒక్క రూపాయి తగ్గించరు.

మీ అమ్మాయి చదవదగ్గవి రెండున్నాయి. మొదటిది ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ పాఠాలు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో ఉంటాయి. వినడానికి పైసా కట్టక్కర్లేదు, ఏదో ఒక డిగ్రీలో చేరి ఉండాలన్న షరతూ లేదు. కోర్సులు 4, 8, 12 వారాల చొప్పున జనవరిలో ఒక విడత, జూలైలో ఒక విడత మొదలవుతాయి. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. ఇందులో క్రెడిట్ సంగతి ఒకటుంది. డిగ్రీలో చేరిన పిల్లలు స్వయం కోర్సులను తమ కాలేజీ అనుమతితో లెక్కలో వేయించుకునేందుకు యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. ఇంటర్లో ఉండగా రాసినదాన్ని తర్వాత లెక్కలో వేస్తారన్న భరోసా లేదు. ఆ ఆశతో చేయించకండి.

రెండోది మీరడిగినదానికి దగ్గరగా ఉంటుంది. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. ఇప్పుడది డేటా సైన్స్‌లో నాలుగేళ్ల బీఎస్. దీనికి జేఈఈ అక్కర్లేదు. పదకొండో తరగతి, అంటే మన ఇంటర్ ఫస్టియర్, పరీక్షలు రాసినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కితే సీటు ఖాయం. సెకండియర్ పాసయ్యాక చేరవచ్చు.

ఇక మా మాట. పొద్దున చీకటితో లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే కాలేజీలో ఉన్న పిల్ల మీద ఇంకో కోర్సు మోపడం సబబు కాదు. ఫస్టియర్ పరీక్షలయ్యాక వచ్చే ఎండాకాలం సెలవుల్లో, తనంతట తాను అడిగితేనే, ఒక్కటంటే ఒక్క కోర్సు విననివ్వండి. పరీక్ష రాయకపోయినా ఫర్వాలేదు. డిగ్రీలో లెక్కలు ఎలా ఉంటాయో రుచి తెలిస్తే చాలు. ఆ రుచి చూడకుండానే కంప్యూటర్ సైన్స్‌లో చేరి, రెండో ఏడాదికి ముఖం వేలాడేసే పిల్లలు మన జిల్లాలో బోలెడుమంది.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. నాన్న వేటకు పోతాడు. బోటు ఇంజన్ చెడిపోతే నేనే విప్పి బిగిస్తాను. ఇంటర్ లేకుండా నేరుగా ఇంజనీరింగ్‌లో చేరొచ్చని మా సారు చెప్పారు. నిజమేనా?
- ఒక విద్యార్థి, జువ్వలదిన్నె

జవాబు: నిజమే బాబూ. దీనికి దారులు రెండు. ఒకటి ట్రిపుల్ ఐటీ అని అందరూ పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం. గ్రామీణ పిల్లల కోసమే 2008లో పెట్టారు. నూజివీడు, ఇడుపులపాయతో పాటు తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చాయి. మొత్తం ఆరేళ్ల చదువు: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. హాస్టల్ అక్కడే. సీటు పదో తరగతి మార్కులను బట్టి ఇస్తారు. నీలా ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలన్నది మరిచిపోకు.

రెండోది పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరడం. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి తీసుకుంటారు. వద్దనుకుంటే డిప్లొమాతోనే ఉద్యోగం చూసుకోవచ్చు. నెల్లూరులోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది.

రెంటికీ దరఖాస్తు పెట్టు. ఇంజన్ విప్పే చేతికి మెకానికల్ డిప్లొమా బాగా అబ్బుతుంది. పైగా మూడేళ్లకే చేతికి ఒక పట్టా వస్తుంది. ఇంట్లో గడవడం కష్టంగా ఉంటే అది చిన్న సంగతి కాదు. అయినా ట్రిపుల్ ఐటీ సీటు వస్తే వదలమని మేము చెప్పలేం.

ప్రశ్న: మాకు వనామి రొయ్యల చెరువులున్నాయి. నేను బైపీసీ సెకండియర్. చదువుతూనే ఆక్వా మీద కాలేజీ స్థాయి కోర్సు ఏదైనా చేయవచ్చా?
- ముత్తుకూరు నుంచి

జవాబు: మీ ఊళ్లోనే మత్స్య శాస్త్ర కళాశాల ఉండగా దూరం చూస్తున్నారు! ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ అక్కడ ఉంది. ఒకసారి వెళ్లి అధ్యాపకులను కలవండి. ల్యాబు చూపించమని అడగండి. ఈలోగా ఇంట్లో కూర్చుని వినాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్ ఆక్వాకల్చర్ మీద ఎన్‌పీటెల్‌లో పాఠాలు చెప్పించింది. అమ్మోనియా, పీహెచ్, నీటిలో కరిగిన ఆక్సిజన్ గురించి విన్నది సాయంత్రం మీ చెరువు గట్టునే సరిచూసుకోవచ్చు. తెల్లవారుజామున ఏరియేటర్లు ఎందుకు ఆపకూడదో మీ నాన్నగారికి అనుభవం మీద తెలుసు. దాని వెనక ఉన్న కెమిస్ట్రీ మీరు ఆయనకు చెప్పగలరు.

ప్రశ్న: ‘ఐఐటీ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అంటూ ఒక సంస్థవాళ్లు మా వాడి కాలేజీకి వచ్చి పాతికవేలు అడిగారు. కట్టమంటారా?
- ఒక తండ్రి, కావలి

జవాబు: వద్దు. ఎన్‌పీటెల్ పరీక్షకు పేరు నమోదు పిల్లవాడు తన ఫోన్లో తానే చేసుకోవచ్చు, ఒక కోర్సు పరీక్ష ఫీజు వేయి రూపాయల దరిదాపుల్లోనే ఉంటుంది. మధ్యవర్తితో పని లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు పట్టుకుని వెళ్లి వెనక్కి అడగండి.