టిఫిన్‌కి పిలవండి... పరిచయాలు కలపండి!

సాయంత్రం మీటింగ్ అంటే సగం మంది రారు. వచ్చినవాళ్లు కూడా గడియారం చూసుకుంటూ, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు కట్ చేసుకుంటూ కూర్చుంటారు. అదే పొద్దున ఏడున్నరకైతే బుర్ర తాజాగా ఉంటుంది. ఫోన్లు ఇంకా మొదలు కావు. పదింటికి షాపు తెరవాలి కాబట్టి ఉపన్యాసాలూ సాగవు. ఎలాగూ ఎక్కడో ఒకచోట టిఫిన్ చేయాల్సిందే కదా!

1985లో అమెరికాలో ఇవాన్ మిస్నర్ మొదలుపెట్టిన బీఎన్ఐ సంస్థ ఈ కిటుకునే వాడుకుంది. వారం వారం పొద్దున్నే కలిసి ఒకరికొకరు వ్యాపారం చూపించుకునే ఆ పద్ధతి ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లోనూ నడుస్తోంది. అయితే ఏదో ఒక సంస్థలో చేరితే తప్ప కుదరదనుకోకండి. మీరే పిలవొచ్చు. కాకపోతే ఆ పూట మీ అసలు పని ఏమిటో తెలిసుండాలి. వడ్డన హోటల్‌వాళ్లు చూసుకుంటారు. మీరు పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తాలి. ఎవరికి ఎవరు అవసరమో కనిపెట్టి జత కుదర్చాలి. మిగతా ఏర్పాట్లన్నీ దానికోసమే.

తెలిసీ తెలియనివాళ్లే ముఖ్యం

రోజూ మాట్లాడుకునే స్నేహితులనే పిలిస్తే కబుర్లు బాగా సాగుతాయి, కొత్త పని మాత్రం పుట్టదు. మీకు తెలిసినవాళ్లు వాళ్లకూ తెలుసు మరి. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతి లెక్కలతో సహా చూపించారు. బోస్టన్ శివార్లలో ఉద్యోగం మారినవాళ్లలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త కొలువు సంపాదించినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగారు: ‘ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుండేవారు?’ తరచూ అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవం అన్నవాళ్లు 27.8 శాతం. ఎక్కడైనా కనిపిస్తే నవ్వి పలకరించే ఆ ముఖపరిచయస్తులే మీ జాబితాలో ఎక్కువమంది ఉండాలి.

విజయవాడలో పిలుస్తున్నారనుకోండి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు యజమాని, బందరు రోడ్డులో చార్టర్డ్ అకౌంటెంట్, బీసెంట్ రోడ్డులో బట్టల వ్యాపారి, గన్నవరం వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే అమ్మాయి, అట్టపెట్టెలు తయారుచేసే ఆయన, ఫిజియోథెరపిస్టు... ఇలా తలా ఒక రంగం ఉండేలా చూడండి. ఒకే వృత్తివాళ్లను ఇద్దరిని పిలవకపోవడం మంచిది. ఇద్దరు ఇన్సూరెన్స్ ఏజెంట్లు ఒకే డాక్టరుగారి మీద పడితే ఆ డాక్టరుగారు మళ్లీ మీ గుమ్మం తొక్కరు.

జాబితా కాగానే ప్రతి పేరు పక్కనా రెండు గడులు గీయండి. ‘ఈ నెలలో ఈయనకు ఏం కావాలి?’ అన్నది ఒకటి. ‘ఈయన ఇతరులకు ఏం చేసిపెట్టగలరు?’ అన్నది రెండోది. గడి ఖాళీగా ఉంటే ఫోన్ చేసి అడగండి. ‘సార్, మీకు ఉపయోగపడే మనిషి పక్కనే మీ సీటు వేద్దామని అడుగుతున్నా’ అంటే చెప్పనివాళ్లుండరు. పిలుపు కూడా అప్పుడే అయిపోతుంది.

రోజు చూసుకోండి

మనవాళ్లు ముహూర్తం చూడనిదే పని మొదలుపెట్టరు. దీనికీ చూడాల్సిందే, కాకపోతే పంచాంగంతో పాటు పన్నుల క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోవాలి. చాలామంది వ్యాపారులకు జీఎస్టీ రిటర్నుల గడువులు నెలలో 11, 20 తేదీలు. ఆ ముందు రెండ్రోజులు అకౌంటెంట్లు మీ ఫోన్ కూడా ఎత్తరు. రంజాన్ నెలలో పొద్దున టిఫిన్ పెట్టుకుంటే ముస్లిం మిత్రులను రావద్దన్నట్టే. కార్తిక సోమవారాలు, శనివారాల్లో ఒక్కపొద్దులుండేవాళ్లుంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో హాలూ దొరకదు, మనుషులూ దొరకరు. ఇవన్నీ తీసేశాక మిగిలినవాటిలో బుధవారమో గురువారమో ఖాయం చేసుకోండి.

ఇరవై నాలుగు మంది కావాలంటే ముప్పై మందిని పిలవండి. ‘తప్పకుండా వస్తానండీ’ అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. తలా కొంత రుసుము పెట్టి, క్యూఆర్ కోడ్ పంపి, ముందే కట్టించుకోండి. డబ్బు కట్టినవాడు అలారం పెట్టుకుని మరీ లేస్తాడు. హోటల్‌వాళ్లు కనీసం ఇన్ని ప్లేట్లకు గ్యారంటీ ఇవ్వమంటారు. వచ్చిన డబ్బును బట్టి ఆ లెక్క చెప్తే జేబుకు చిల్లు పడదు.

చట్నీ అంటిన విజిటింగ్ కార్డు

హాలును ఫోన్‌లో మాట్లాడి బుక్ చేయకండి. మీరు పెట్టబోయే వేళకే ఒకరోజు వెళ్లి కూర్చుని చూడండి. వంటింటి చప్పుడు వినిపిస్తోందా? గోడ మీద టీవీలో వార్తలు హోరెత్తుతున్నాయా? పార్కింగ్ ఎక్కడ? అన్నిటికీ మించి చేతులు కడుక్కునే చోటు ఎంత దూరం, కుళాయిలెన్ని?

ఇది చిన్న విషయం కాదు. మనం తినేదీ, కరచాలనం చేసేదీ కుడిచేత్తోనే. మసాలా దోశ, సాంబారు నడుమ ఒకాయన కార్డు చాపితే ఎడమచేత్తో అందుకోవడానికి మనసొప్పదు, కుడిచేయి ఖాళీ ఉండదు. చివరికి మోచేత్తో నమస్కారం, ఆ కార్డు మీద పల్లీ చట్నీ మరక! అందుకే నిలబడి తినే బఫే వద్దు. కూర్చోబెట్టండి. ముందు తినడం, తర్వాత చేతులు కడుక్కోవడం, ఆ తర్వాతే మాటలు.

మెనూ చిన్నదిగా ఉండాలి. కారప్పొడి, నెయ్యి వేసిన చిట్టి ఇడ్లీలు, వడ, ఉప్మా, కోసిన పండ్లు, కాఫీ, టీ చాలు. పెసరట్టు మీద ఎంత మోజున్నా ఆ పూటకు మానుకోండి. పెనం దగ్గర క్యూ కడితే అరగంట అక్కడే హరీ! ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఎవరో ముందే కనుక్కోండి. షుగర్ మాత్ర వేసుకుని వచ్చినవాళ్లను ఉపన్యాసం అయ్యేదాకా ఆపడం ప్రమాదం. టిఫిన్ కౌంటర్ మొదటి అతిథి అడుగుపెట్టే సరికే సిద్ధంగా ఉండాలి.

నిమిషాల లెక్క

7.15 – 7.40: రాక, టిఫిన్. గుమ్మం దగ్గర మీరే ఉండండి. పేరు, వృత్తి పెద్దక్షరాలతో రాసిన బ్యాడ్జి చేతికివ్వండి.
7.40 – 8.00: స్వపరిచయాలు. మనిషికి 45 సెకన్లు. ఇరవై నాలుగు మందికి 18 నిమిషాలు పడుతుంది. టైమర్ పట్టుకోవడానికి ఒకరిని పెట్టండి.
8.00 – 8.40: నలుగురేసి కూర్చున్న ఆరు బల్లల దగ్గర మాటలు. 8.20కి ప్రతి బల్ల నుంచీ ఇద్దరు లేచి పక్క బల్లకు మారతారు.
8.40 – 9.00: కాఫీ, టీ. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తిరుగుతారు. మీ జత కుదిర్చే పని ముమ్మరంగా సాగేది ఇప్పుడే.

బల్లకు నలుగురే ఎందుకంటే, ఒకే సంభాషణలో ఇమిడేది దాదాపు నలుగురేనని పరిశోధకుడు రాబిన్ డన్బర్ బృందం 1995లో తేల్చింది. ఐదో మనిషి చేరితే మాట రెండు ముక్కలవుతుంది. బల్ల దగ్గర ఎనిమిది మందిని కూర్చోబెడితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు.

వేదిక, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం... ఇవేవీ వద్దు. శాలువా కప్పే ఐదు నిమిషాల్లో ఒక మంచి పరిచయం అయిపోతుంది.

మొహమాటం వదిలించండి

మనవాళ్లకు తమ గొప్ప చెప్పుకోవడం వచ్చు, అవసరం చెప్పుకోవాలంటేనే మొహమాటం. ‘ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రికల్ రంగంలో ఉన్నానండి, మీ అందరి ఆశీస్సులు కావాలి’ అని కూర్చుంటే ఎవరేం సాయం చేస్తారు? అదే మనిషి చేత ఇలా చెప్పించండి: ‘కోల్డ్ స్టోరేజీలకు ప్యానెల్ బోర్డులు చేస్తాం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ యజమాని ఎవరైనా మీకు తెలుసా?’ హాల్లో ఒక్క చెయ్యి లేచినా ఆయన పొద్దున్నే లేచి వచ్చినందుకు గిట్టుబాటైనట్టే. అడిగేది ఎంత నిర్దిష్టంగా ఉంటే సాయం అంత తేలిక. ముందు మీ అవసరం మీరే ఇలా చెప్పండి, మిగతావాళ్లు అదే దారిలో నడుస్తారు.

కాఫీ వేళ మీరు ఒక్కచోట నిలబడకండి. గోడవారన ఒంటరిగా ఉన్నవాళ్లను వెతికి పట్టుకోండి. ‘వీరు ఫలానా, వారు ఫలానా’ అని వదిలేయడం పరిచయం కాదు. ‘మేడమ్, మీ పచ్చళ్లు విదేశాలకు పంపడానికి గట్టి పెట్టెలు కావాలన్నారు కదా, ఈయన చేసేది అవే. అన్నగారూ, మీరు ఆన్‌లైన్ అమ్మకాల గురించి అడిగారుగా, మేడమ్ రెండేళ్లుగా చేస్తున్నారు’ అనండి. ఇద్దరికీ మాట అందించారు. ఇక మీరు పక్కకు తప్పుకోవచ్చు. మీ సొంత సరుకు ఆ పూట అమ్మకండి. పదిమందికి పని కలిపినవారిని ఎవరూ మరిచిపోరు.

రెండు రోజుల్లో పూర్తిచేయాలి

తొమ్మిదయ్యేసరికి వీడ్కోలు చెప్పేయండి. ఇంకొంతసేపు ఉంటే బాగుండనిపిస్తున్నప్పుడే ముగిస్తే మళ్లీ వస్తారు. చల్లారకముందే, రెండు రోజుల్లోపు, మీరు కలిపిన ప్రతి జంటకూ ఇద్దరినీ చేర్చి ఒక చిన్న సందేశం పంపండి: ‘శాంపిల్ పెట్టెలు శుక్రవారం చూద్దామనుకున్నారు, గుర్తుచేస్తున్నా.’ ఎవరి నంబరైనా ఇంకొకరికి ఇచ్చేముందు వాళ్లను అడగండి. వాట్సాప్ గ్రూపు పెడితే అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టండి. లేదంటే వారం తిరక్కుండానే గుడ్ మార్నింగ్ గులాబీలు పూస్తాయి, పనికొచ్చేవాళ్లంతా మ్యూట్‌లోకి వెళ్లిపోతారు.

ఇరవై నాలుగు మంది అనేసరికి గుండె జారుతోందా? 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు పిలిస్తే కూడింది మొత్తం నలుగురు. ఆయనతో పాటు ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ. రోటరీ క్లబ్ పుట్టింది ఆ సమావేశంలోనే. వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కలిసేవారు కాబట్టే ఆ పేరు. హాలు లేదు, మెనూ లేదు, వృత్తులు మాత్రం నాలుగు.

మీరూ నలుగురితోనే మొదలుపెట్టండి. ఈ రాత్రికి వేర్వేరు వృత్తుల్లో ఉన్న ముగ్గురి పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికీ ఏం కావాలో పక్కన రాయండి. రాయలేకపోతే మీ మొదటి పని ఏమిటో తెలిసిపోయింది: రేపు పొద్దున ఫోన్ తీసి వాళ్లనే అడగండి.