పోటీ పరీక్షల ప్రత్యేకం: బీమా కార్డుకు ఆదాయ గీత ఎక్కడ?

ఆర్.కె.పేట, పళ్ళిపట్టు వైపు మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలకు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ వర్తించదు. 1960 ఏప్రిల్ 1న ఈ ఊళ్లున్న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో (నేటి తమిళనాడు) కలిసింది కనుక వారికి దక్కేది తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా. 2009 నాటి కలైఞర్ కాపీట్టు తిట్టం అనే బీమా పథకం స్థానంలో ఇది 2012 జనవరిలో మొదలైంది.

అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవలసింది ఆదాయ పరిమితి. మొదట కుటుంబ వార్షికాదాయం రూ.72,000 లోపు ఉండాలి. తర్వాత దాన్ని రూ.1,20,000కు పెంచారు. అంటే నెలకు ఆరు వేల నుంచి పది వేలకు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో ఆమె సంపాదన కలిస్తేనే పాత గీత దాటిపోయేది. ఆమె కష్టమే ఆమె వైద్యానికి అడ్డయ్యేది. ఈ పెంపు అసలు విలువ అక్కడే ఉంది. రేషన్ కార్డు, వీఏవో (గ్రామ పాలనాధికారి) ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఆధారాలు. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు రక్షణ.

2018 సెప్టెంబర్ 23న రాంచీలో ప్రారంభమైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ పీఎంజేఏవై తమిళనాడు పథకంతో అనుసంధానమైంది. పీఎంజేఏవైలో గ్రామీణ అర్హతకు 2011 సామాజిక ఆర్థిక కుల గణన ఆధారం. 16–59 ఏళ్ల వయోజన పురుషుడు లేని, మహిళే పెద్దగా ఉన్న కుటుంబం అందులో ఒక ప్రత్యేక వర్గం. ఈ వర్గం ప్రశ్నల్లో తికమక పెట్టవచ్చు. పీఎంజేఏవైలో కుటుంబ సభ్యుల సంఖ్యపై పరిమితి లేదు. పాత ఆర్‌ఎస్‌బీవై (రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన)లో ఐదుగురికే రక్షణ ఉండేది. ఐదుగురినే ఎంచుకోవాలంటే ఎవరి పేరు జారిపోతుందో ఊహించడం కష్టం కాదు.

పోల్చి చదవండి: ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న ప్రారంభం, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి రక్షణ రూ.10 లక్షలు.