రాజీకి కూర్చునే ముందు

జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌కి ఒక కంపెనీ 8 లక్షలు బాకీ పడిందనుకుందాం. అడిగితే, "సగం పెట్టెలు తడిసి వచ్చాయి, అందుకే బిల్లు ఆపాం" అంటోంది. కేసు వేస్తే డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు, కస్టమర్ మాత్రం వెంటనే పోతాడు. మధ్యవర్తిత్వం పనికొచ్చేది ఇలాంటి చోటే. కానీ రాజీయే కదా అని ఉత్తచేతులతో వెళ్తే నష్టపోతారు. కేసుకు ఎంత సిద్ధపడతారో దీనికీ అంతే సిద్ధపడాలి.

ఎక్కడికి వెళ్లాలి?

3 లక్షలు, ఆపైన విలువున్న వ్యాపార వివాదంలో అత్యవసర ఉత్తర్వులేవీ అక్కర్లేకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. వాణిజ్య కోర్టుల చట్టంలోని 12ఎ సెక్షన్ ఈ మాటే చెబుతోంది. 2022లో సుప్రీంకోర్టూ దాన్ని ఖాయం చేసింది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వాలి. 10 లక్షల లోపు వివాదానికి ఫీజు 15 వేలు, చెరిసగం. గడువు 3 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 2 నెలలు. అవతలివాళ్లు రాకపోతే ఆ మేరకు నివేదిక ఇస్తారు, దానితో కోర్టుకు వెళ్లొచ్చు.

ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ మరో దారి. సరుకు ఇచ్చేనాటికే రిజిస్ట్రేషన్ ఉంటే పేచీ ఉండదు. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలంటుంది ఎంఎస్‌ఎంఈ చట్టం. ఆ వడ్డీ లెక్క కాగితం మీద వేసి పట్టుకెళ్తే బేరం తీరే మారుతుంది.

జీతం బకాయి, తొలగింపు లాంటివైతే కార్మికులు కార్మిక శాఖలోని కన్సిలియేషన్ అధికారిని కలవాలి. మేనేజర్ హోదాలో ఉన్నవారికి మామూలుగా ఈ దారి ఉండదు. వాళ్లు ముందు తమ నియామక ఒప్పందం చదువుకోవాలి.

వెళ్లేముందు

మూడు అంకెలు రాసుకోండి: అడిగేది, సరేననగలిగేది, అంతకన్నా దిగనిది. కేసుకయ్యే ఖర్చు, పట్టే కాలం చూసుకున్నాకే మూడోది తేల్చుకోండి. పర్చేజ్ ఆర్డర్, సంతకమున్న డెలివరీ చలానా, వాట్సాప్ మెసేజీలు తేదీల వరసలో పెట్టుకోండి. అవతలి నుంచి సంతకం పెట్టే అధికారమున్న మనిషే రావాలని ముందే కోరండి. మధ్యవర్తి ఎవరిమీదా తీర్పు రుద్దడు. విడిగా మాట్లాడినప్పుడు మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా అవతలికి చేరవేయడు. కాబట్టి మీ ఇబ్బంది ఆయన దగ్గర దాచుకోనక్కర్లేదు.

చాలామంది కాలపరిమితి దగ్గర దెబ్బతింటారు. బాకీ వసూలు దావాకు సాధారణంగా 3 ఏళ్లే గడువు. "వచ్చే నెల చూద్దాం సార్" అంటూ సాగే నోటిమాటలతో ఆ గడువు ఆగదు. 12ఎ కింద మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని మాత్రం మినహాయిస్తారు.

సంతకం పెట్టేటప్పుడు

"త్వరలో చెల్లిస్తాం" అన్న వాక్యానికి ఒప్పుకోవద్దు. ఏ వాయిదా ఏ తేదీన, ఏ ఖాతాకో రాయించండి. ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వడ్డీతో వెంటనే కట్టాలన్న షరతు పెట్టించండి. టీడీఎస్, జీఎస్‌టీ ఎవరి నెత్తినో తేల్చండి. 12ఎ కింద కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమాన విలువ ఉంది. మాట తప్పితే మళ్లీ మొదటి నుంచి దావా వేయకుండానే అమలు కోరవచ్చు. ఉద్యోగులైతే, డబ్బు చేతికి రాకముందే "బకాయిలేమీ లేవు" అన్న కాగితం మీద సంతకం చేయకూడదు.

అన్నీ రాజీకి తగినవి కావు. పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులో, బాధితురాలు తానుగా కోరితే తప్ప దాన్ని విచారించే కమిటీ రాజీ ప్రయత్నం చేయకూడదు. ఆ రాజీకి డబ్బు ఆధారం కాకూడదని ఈ వేధింపులపై వచ్చిన 2013 చట్టం చెబుతోంది. ఇలాంటి విషయంలో "మనలో మనం సర్దుకుందాం" అని పైవాళ్లెవరైనా ఒత్తిడి తెస్తే, ఆ మాట అన్న తేదీ, సమయంతో సహా ఫిర్యాదులో చేర్చండి.