హ్యాండిల్‌కి గంట, వైరింగ్‌కి నిమిషం

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో పదిహేనేళ్ల నాటి ఫ్లాట్ ఒకటి కొత్త దంపతులు కొన్నారనుకుందాం. ఇద్దరివీ ఉద్యోగాలే, ఇద్దరి జీతాల మీదా లోనే. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేశారు. ఈలోగా ఇల్లు బాగుచేయించుకోవాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి "సార్, పాత వైరింగే ఉంచేద్దామా, మార్చేద్దామా?" అని అడుగుతాడు. "నువ్వే చూడు బాబూ" అనేసి ఇద్దరూ లామినేట్ల షాపుకి బయల్దేరతారు. అక్కడ వార్డ్‌రోబ్ తలుపులకి నల్ల హ్యాండిలా, ఇత్తడి హ్యాండిలా అని మొదలైన మాట కారెక్కేసరికి "మీ ఇంట్లో అందరూ ఇంతే" దాకా వెళ్తుంది.

ఈ జబ్బుని పట్టుకున్నాయన బ్రిటిష్ రచయిత సి. నార్త్‌కోట్ పార్కిన్సన్. 1957లో వచ్చిన ఆయన వ్యంగ్య పుస్తకంలో ఒక కమిటీ ఉంటుంది. కోటి పౌండ్ల అణు రియాక్టర్‌ని ఆ కమిటీ రెండు మూడు నిమిషాల్లో ఆమోదిస్తుంది. సైకిల్ షెడ్డు దగ్గరికొచ్చేసరికి ముప్పావుగంట వాదించుకుంటుంది. రియాక్టర్ దాదాపు ఎవరికీ అర్థం కాదు. షెడ్డు అందరికీ అర్థమవుతుంది, కాబట్టి అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. కొత్త కాపురంలో ఇంటీరియర్స్ పనీ ఇలాగే నడుస్తుంది. అభిప్రాయం తేలిగ్గా పుట్టే చోట కాస్త తగ్గండి. ఏమీ తెలియని చోట ఇద్దరూ కూర్చోండి.

తెలియనివన్నీ ఎక్కువగా గోడ లోపలే ఉంటాయి. తర్వాత మార్చాలంటే పగలగొట్టాల్సినవి అవే. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. ఏసీకి, గీజరుకి మాత్రం మామూలుగా 4 వాడతారు, దేని లైను దానికి విడిగా లాగుతారు. పాత ఫ్లాట్లో అలా ఉందో లేదో స్విచ్ బోర్డు విప్పించి చూడాలి. బాత్రూము టైల్స్ పీకిస్తే, కొత్తవి పరిచేలోగా వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు నిలగట్టి కనీసం ఒక రోజు వదిలేయాలి. మర్నాడు కింది ఫ్లాట్ వాళ్ల సీలింగుకి చెమ్మ దిగిందేమో వెళ్లి చూడాలి. ఆ వంకన వాళ్లతో పరిచయమూ అవుతుంది! సింకు కింద పెట్టెకి మామూలు ఎంఆర్ గ్రేడు ప్లైవుడ్ వేస్తే తడికి ఉబ్బుతుంది. అక్కడికి ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ రకం కావాలి. పైన లామినేట్ అంటించాక రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, అందుకే ముద్ర ముందే చూసుకోవాలి. పాత వంటింట్లో కడప రాయి అరలు ఉంటే "పాత ఫ్యాషన్" అని పీకించేయకండి. వాటికి చెదపురుగు పట్టదు, నీళ్లకి ఉబ్బవు. ముందు తలుపులు బిగిస్తే కొంత ఖర్చు అక్కడే మిగలొచ్చు. వైర్లకి, పైపులకి కొట్టిన గాడులు పూడ్చి ప్లాస్టరింగ్ చేసేలోపు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసుకోండి. రేపు దేవుడి పటం కోసం డ్రిల్లు పెట్టినప్పుడు పైపు ఎక్కడుందో ఊహించుకోనక్కర్లేదు.

ఇవన్నీ మీకు ముందే తెలిసుండాల్సిన పనిలేదు. "ఎందుకలా?" అని మేస్త్రీని అడగ్గలిగితే చాలు. సాఫ్ట్‌వేర్‌లో పదిమందికి పాఠాలు చెప్పేవాళ్లే తాపీ మేస్త్రీ ముందు తెలిసినట్టు తలూపుతారు. ఆ తలూపుడికి రేటు బిల్లులో ఉంటుంది.

రెండో సంగతి, పట్టుదలల గురించి. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేయాలని అతని పట్టు. ఉండాల్సిందేనని ఆమె పట్టు. ఇద్దరూ ఫోన్లలో ఫొటోలు చూపించుకుంటూ వారం గడిపేస్తారు. ఫొటోలు పక్కన పెట్టి, ఎందుకని అడిగి చూడండి. సాయంత్రం వంట అతనిది. గోడకి మొహం పెట్టి గంటసేపు ఒంటరిగా నిలబడటం అతనికి విసుగు. ఆమె ఆఫీసు కాల్స్ హాల్లోంచి మాట్లాడుతుంది. తిరగమోత ఘాటు, మిక్సీ మోత ఆమెకి పడవు. అతనికి కావాల్సింది మనిషి కనబడటం. ఆమెకి కావాల్సింది ఘాటు, చప్పుడు రాకపోవడం. గోడలో సగం దాకా తీసి జరిపే గాజు తలుపు పెడితే ఇద్దరిదీ తీరుతుంది. (ఏ గోడ మీద సుత్తి వేయాలన్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి, అసోసియేషన్‌కి చెప్పండి.) మేరీ పార్కర్ ఫోలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు 1925లోనే ఇలాంటి ఉదాహరణ ఒకటి చెప్పింది. లైబ్రరీలో ఒకాయన కిటికీ తెరవాలన్నాడు, ఆమె మూసి ఉంచాలంది. చివరికి పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకి గాలి వచ్చింది, ఆమెకి చలిగాలి సూటిగా తగల్లేదు. చెరి సగం వదులుకోవడాన్ని రాజీ అంటాం. ఇక్కడ ఎవరూ ఏదీ వదులుకోలేదు. చెరి సగం వదులుకున్న ఇల్లు ఇద్దరికీ నచ్చదు, ఆ మాటకొస్తే ఎవరికీ నచ్చదు.

అలా ఇద్దరికీ కుదిరే దారి దొరకనప్పుడు వాడేవాళ్ల మాట నెగ్గాలి. వంటగట్టు ఎత్తు కాంట్రాక్టర్ అలవాటుని బట్టి కాదు, అక్కడ నిలబడే మనిషిని బట్టి ఉండాలి. మోచేతికి సుమారు నాలుగైదు అంగుళాలు కింద ఉంటే నడుం నొప్పి పుట్టదు. ఇద్దరూ వండితే, ఎక్కువసేపు నిలబడేవాళ్ల కొలత తీసుకోండి. ఇంత మొత్తం లోపు ఖర్చయితే ఒకరినొకరు అడగక్కర్లేదని ఒక అంకె అనుకోండి. అది దాటితే ఇద్దరూ ఊ అనాలి.

పెద్దవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మామగారు ఆగ్నేయంలో పొయ్యి అంటారు, పిన్ని ఫోన్ చేసి ఈశాన్యం మూల బరువు పెట్టొద్దంటుంది. నిజానికి అపార్ట్‌మెంట్లో ఆ నిర్ణయాలు సగం బిల్డరే ఎప్పుడో చేసేశాడు. మిగిలినవాటిలో వినగలిగినవి వినండి. కుదరనప్పుడు ఎవరి పెద్దలకి వాళ్లే చెప్పుకోవాలి. అబ్బాయి వాళ్లమ్మతో "తను వద్దంటోందమ్మా" అన్నాడంటే ఆ ఇల్లు ఉన్నంతకాలం ఆ మాటా ఉంటుంది. "మేమిద్దరం ఇలా అనుకున్నామమ్మా" అంటే ఆవిడ కాసేపు ముభావంగా ఉంటారు, అంతే. అమ్మాయి వాళ్ల నాన్నతో మాట్లాడేటప్పుడూ ఇదే లెక్క.

డబ్బు మాట క్లుప్తంగా. కొటేషన్‌లో చదరపు అడుగు రేటు చూసి మురిసిపోకండి. లోపలి సొరుగులు, కబ్జాలు, జీఎస్టీ అందులో ఉన్నాయా, విడిగానా అని రాయించుకోండి. డబ్బు విడతలుగా ఇవ్వండి. చివరి విడత ప్రతి తలుపూ మీరే తెరిచి మూసి చూశాకే ఇవ్వండి. పాత ఫ్లాట్లో టైల్ లేపితే కింద ఏముంటుందో ఎవరూ చెప్పలేరు, అందుకని చేతిలో కొంత అట్టేపెట్టుకోండి.

ముహూర్తానికల్లా అంతా అయిపోవాలన్న ఆరాటం వద్దు. పాలు పొంగించడానికి ఒక పొయ్యి, పడుకోవడానికి ఒక గది, ఒక బాత్రూము సిద్ధంగా ఉంటే చాలు. రెండో బెడ్‌రూముని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఖాళీగానే ఉంచండి. మేలో పడమటి ఎండ ఏ గోడని కాలుస్తుందో, జూలైలో ఏ కిటికీ అంచు తడుస్తుందో మీకే తెలిసొస్తుంది. ఆ తర్వాత వడ్రంగిని పిలిస్తే మంచం ఎక్కడ వేయాలో, బీరువా ఎక్కడ పెట్టకూడదో మీరే చూపించగలరు.