పిస్టల్‌కు ఇంట్లో మెరుగులు: ఉలి పెట్టదగిన చోటు ఒక్కటే
(సందేహాలు – సమాధానాలు)

సార్, అమెరికాలో పిస్టల్‌ను బల్ల మీద విప్పి గొట్టం, స్లైడు, ట్రిగ్గర్ అన్నీ ఇంట్లోనే మార్చుకోవడం వీడియోల్లో చూస్తున్నాను. మా నాన్నకు రేణిగుంటలో లేత్ షాపు ఉంది. చదువు మెకానికల్. సరదాగా ఒకటి ప్రయత్నించవచ్చా? – ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

వద్దు బాబూ. ఆ దేశం చట్టం వేరు, మన చట్టం వేరు. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారు చేయకూడదు, రూపం మార్చకూడదు, ఆఖరికి బాగు చేయకూడదు కూడా. 6వ సెక్షన్ గొట్టం పొట్టి చేయడాన్నీ, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడాన్నీ విడిగా పేరు పెట్టి నిషేధించింది. 2019 సవరణ తర్వాత ఈ నేరాలకు శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ‘సరదాకి చేశాను, ఎవరికీ అమ్మలేదు’ అనే మాట అక్కడ చెల్లదు. ఇంట్లో తుపాకీకి లైసెన్సు ఉన్నా సరే. అది దగ్గర ఉంచుకోవడానికిచ్చిన అనుమతి, కోసి మార్చడానికి కాదు. లేత్ నడిపిన పాపానికి మీ నాన్నగారూ కేసులో ఇరుక్కుంటారు.

లోహం మీద వందో వంతు మిల్లీమీటరు తేడాతో పని చేయాలన్న మీ కోరిక మాత్రం మంచిదే. దానికి దారి ఉంది. కింది ఉత్తరానికి రాసిన జవాబు మీరూ చదవండి.

అంకుల్, నేను ఇంటర్ చదువుతున్నాను. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడతాను. ఒక సీనియర్ అక్క దగ్గర పాత పిస్టల్ కొన్నాం. గ్రిప్ నా చేతికి వదులుగా ఉంది. ముప్పై షాట్లు దాటితే మణికట్టు తిరిగిపోతోంది. కొత్త గ్రిప్ విదేశాల నుంచి తెప్పించాలంటే మా వల్ల కాదు. – చిత్తూరు

కొత్తది తెప్పించక్కర్లేదమ్మా. పిస్టల్‌లో ఇంట్లో చెయ్యి పెట్టదగిన భాగం ఈ చెక్క గ్రిప్ ఒక్కటే, దాన్ని సరిచేసుకోవడం షూటర్లందరూ చేసే పనే. 20 జౌళ్ల శక్తి దాటని, 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధాల నిబంధనల కింద లైసెన్సు అవసరం లేదు. మీ పోటీ పిస్టళ్ల శక్తి ఆ హద్దుకు చాలా కిందే ఉంటుంది.

ముందు పిస్టల్‌లో గుండు లేదని చూసుకోండి. ఆ తర్వాత గాలి సిలిండర్ ఊడదీసి, గ్రిప్‌ను విప్పి పక్కన పెట్టండి. గ్రిప్ మీద పని జరుగుతున్నంతసేపు ఇనుప భాగం పెట్టెలోనే ఉండాలి. చెక్కపొడి ట్రిగ్గర్‌లోకి దూరితే అదో కొత్త తంటా.

ఇప్పుడు అరచేతికి సుద్దపొడి పలచగా రాసుకుని గ్రిప్‌ను మామూలుగా పట్టుకోండి, గట్టిగా పిసక్కండి. తీసి చూస్తే తెల్లగా అంటిన చోట చెక్క చేతిని తాకుతోందని, అంటని చోట ఖాళీ ఉందని తెలుస్తుంది. వదులు గ్రిప్‌లో అరచేతి గుంట దగ్గర, బొటనవేలి మొదట్లో ఖాళీ కనిపిస్తుంది. అక్కడ ఎం-సీల్ లాంటి రెండు ముద్దల పుట్టీ కలిపి పూయండి. చేతికి తడి చేసుకుని, లేదా పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, ఆ మెత్తటి పుట్టీ మీద పోటీలో పట్టుకున్నట్టే పట్టుకుని వదలండి. మీ చెయ్యే అచ్చు పడుతుంది. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు ఎత్తుగా మిగిలిన అంచుల్ని ఆకురాయితో, ఆ తర్వాత ఉప్పుకాగితంతో అరగదీయండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

సరిపోయిందా లేదా అన్నది కళ్లు మూసుకుని తేల్చుకోవాలి. పిస్టల్‌ను మళ్లీ బిగించి, నిలబడి, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. కళ్లు తెరిచినప్పుడు ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలోనే కనిపించాలి. ఒక పక్కకు ఒరిగితే ఇంకా పని మిగిలి ఉంది. ఒక్క రోజులో ముగించాలని చూడొద్దు. కొంచెం గీకండి, కొన్నాళ్లు ఆడండి, మళ్లీ గీకండి. పుట్టీ మళ్లీ పెట్టుకోవచ్చుగానీ ఎక్కువ చెక్కేసిన కర్ర తిరిగి రాదు. మే నెలలో మన ఊళ్లలో చెయ్యి చెమటకు జారుతుంది కాబట్టి వార్నిష్ వేయకండి, గరుకుగానే వదిలేయండి.

పోటీ నిబంధనలు మరవద్దు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి, బరువు కిలోన్నర దాటకూడదు. అరచేయి ఆనే అడుగు పలక చేతిని చుట్టేలా పైకి వంగకూడదు, మణికట్టు బయటికి స్పష్టంగా కనిపించాలి. గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. పదేళ్లు దాటితే పోటీకి పనికిరాదు. 200 బార్ల ఒత్తిడి పట్టే సీసా అది, దాని లోపలి భాగాల్ని ఎవరూ ఇంట్లో విప్పకూడదు.

నేను శ్రీకాళహస్తి వాణ్ణి. పాత మంచం కోడు తాలూకు ఎర్రచందనం ముక్క ఇంట్లో ఉంది. దాంతో గ్రిప్ చెక్కించుకుంటే అందంగా ఉంటుంది కదా?

అందంగానే ఉంటుంది, కానీ చేయించకండి. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టది. అటవీ శాఖ అనుమతి కాగితం లేని ఎర్రచందనం ముక్కను పోటీల కోసం ఊళ్లు తిప్పడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు కూడా. ఆ బరువంతా వెనక్కి చేరి పిస్టల్ తూకం చెడుతుంది. మంచి షూటర్లు బరువు కాస్త ముందుకే కోరుకుంటారు.

మీకు దగ్గర్లోనే, ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది. దేవతా విగ్రహాలు చెక్కే ఆ ఊరి పనివాళ్లకు వేలి మడతల లోతు ఎంతో చెప్పనక్కర్లేదు. బాగా ఆరిన టేకు ముక్క, మీ పాత గ్రిప్ నమూనాగా పట్టుకెళ్లండి. ఇనుప భాగం మాత్రం తీసుకెళ్లకండి. మన జిల్లాల పిల్లలు విదేశీ గ్రిప్‌ల కోసం ఎదురుచూడకుండా ఈ చేతుల్ని వాడుకోవాలని నా కోరిక.

ట్రిగ్గర్ ఇంకా తేలిగ్గా పడేలా లోపలి స్ప్రింగు కత్తిరించమని స్నేహితుడు చెబుతున్నాడు. – మదనపల్లె

కత్తిరించకండి. పది మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పోటీకి ముందు గొట్టాన్ని నిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కు బరువు తగిలించి చూస్తారు. జారితే ఆ పిస్టల్‌తో ఆడనివ్వరు. కంపెనీ పుస్తకంలో చూపిన మరలు తిప్పి సరిచేసుకోవడం వరకే మీ పని.

పోటీ స్థాయి పిస్టల్ ఎంత సున్నితమో 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్‌లో అందరూ చూశారు. మన షూటర్ మను భాకర్ పిస్టల్ కాకింగ్ లివర్ అర్హత పోటీ మధ్యలో విరిగింది. బాగు చేయించుకుని తిరిగొచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. ఫైనల్ రెండు పాయింట్ల దూరంలో చేజారింది. 2024లో పారిస్‌లో ఆమే రెండు కాంస్యాలు తెచ్చింది. ఒలింపిక్ షూటర్‌కే తప్పని ఇబ్బంది కోసిన స్ప్రింగుతో ఆడేవారికి ఎన్నిసార్లు ఎదురవుతుందో ఆలోచించండి.

మామిడి తోటలో నెమళ్లు, అడవి పందుల బెడద. ఎయిర్ గన్ స్ప్రింగు మార్చి బలం పెంచితే లైసెన్సు కావాలా? – బంగారుపాళెం రైతు

20 జౌళ్లు దాటితే కావాలి. అయితే అసలు సంగతి లైసెన్సు కాదన్నా. నెమలిని కొడితే వన్యప్రాణి చట్టం కింద జైలు. పంటనష్టం గురించి అటవీ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, పరిహారం అడగండి.

మా అబ్బ కాలం నాటి మందు కూరే తుపాకీ అటక మీద దొరికింది. లైసెన్సు ఆయన పేరుతో ఉండేదట, ఆయన పోయి చాలా ఏళ్లయింది. తుప్పు వదిలించి, గొట్టం కొంచెం కోసి గోడకు అలంకరణగా పెట్టుకోవాలని ఉంది. – పలమనేరు

మీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది. ముందుగా, ఆ తుపాకీని కదిలించకండి. తుపాకీ మందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. మీ అబ్బ చివరిసారి మందు కూరి అలాగే అటకెక్కించారేమో ఎవరికి తెలుసు? గొట్టంలోకి చువ్వ పెట్టి పొడవడం, మంట చూపడం, రంపం పెట్టడం ఏదీ చేయొద్దు. గొట్టం కోయడం 6వ సెక్షన్ కింద నేరమని పైనే రాశాను.

లైసెన్సుదారు పోయాక తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరగానీ జమ చేయాలన్నది 21వ సెక్షన్. ఆ తర్వాత వారసుడిగా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022లో జిల్లాలు మారాయి గనుక పాత కాగితాల్లో ఏమున్నా ఇప్పుడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ కలెక్టరుకే వెళ్లాలి. బాగు చేసినా పేలదని తేలిన పాత ఆయుధాలకు మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. అది తేల్చాల్సింది అధికారులు, మనం కాదు.

కుప్పం నుంచి పీలేరు దాకా ఇలాంటి తుపాకులు చాలా అటకల మీద ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉంటే తుపాకీ మోసుకుని బయల్దేరకండి. ఈ వారంలోనే స్టేషన్‌కు కబురు పెట్టి, మందు కూరి ఉందో లేదో తెలియదని ముందే చెప్పి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమని అడగండి.